లోపల ఎవరున్నారు? మాయలేడి నుంచి మరకుందేలు దాకా

పోయిన ఎండాకాలం హిందూపురంలో అక్క వాళ్లింట్లో వారం రోజులున్నాను. ఆ వారమంతా మా అక్క కూతురు ఒక ఇంగ్లీషు నవలను చేతిలోంచి దించలేదు. అట్ట మీద ఒక జంతువు ముఖం. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల్లో ఉండే జంతువే. కాకపోతే కళ్లలో లైట్లు, చిరిగిన చర్మం కింద ఇనప చువ్వలు. పిల్లకి 13 ఏళ్లు. సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన చిన్నమ్మను కదా, నా ధర్మం నేను నెరవేర్చాలనుకుని "ఇట్లాంటివి చదివితే రాత్రి నిద్ర పడుతుందా?" అన్నాను. తలెత్తకుండానే జవాబిచ్చింది. "ఇది దయ్యాల పుస్తకం కాదు చిన్నమ్మా. బొమ్మ చెడ్డది కాదు. దాని లోపల ఉండే మనిషి చెడ్డోడు. పిల్లోళ్లకు బొమ్మే కనపడుతుంది. లోపల ఎవురుండేదీ కనపడదు."

ఇంత సులువుగా ఇంత పెద్ద మాట చెప్పేసి పేజీ తిప్పుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల పడుకున్నాక పుస్తకం తీసుకుని వరండాలో కూర్చున్నాను.

మన పత్రిక పాఠకుల్లో చాలామందికి ఈ నవలలతో పరిచయం ఉండకపోవచ్చు. 2014లో స్కాట్ కాథన్ అనే అమెరికన్ తయారుచేసిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' అనే కంప్యూటర్ ఆట నుంచి పుట్టినవి. కాథన్, కిరా బ్రీడ్-రిస్లీ అనే రచయిత్రి కలిసి మూడు నవలలు రాశారు. 'ద సిల్వర్ ఐస్' 2015లో, 'ద ట్విస్టెడ్ వన్స్' 2017లో, 'ద ఫోర్త్ క్లాజెట్' 2018లో వచ్చాయి. 2023లో ఎమ్మా టామీ అనే స్త్రీ దర్శకత్వంలో సినిమా కూడా వచ్చింది. కథ నడిచేది ఒక పిజ్జా హోటల్ చుట్టూ. అక్కడ ఎలుగుబంటి, కుందేలు, కోడిపిల్ల, నక్క పిల్లల ముందు పాటలు పాడతాయి. అవి మోటార్లతో కదిలే నిలువెత్తు మరబొమ్మలు. యానిమట్రానిక్స్ అంటారు. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. డిస్నీ సంస్థ 1963లో పాడే మరపక్షుల ప్రదర్శన పెట్టింది. 1977లో కాలిఫోర్నియాలో 'చక్ ఇ. చీజ్' అనే పిజ్జా హోటల్ మరజంతువుల బృందంతో మొదలై ఊరూరా పాకింది. అమెరికాలో రెండు తరాల పిల్లలు ఆ జంతువుల ముందు పుట్టినరోజులు చేసుకున్నారు.

నవలలో ఆ హోటల్‌కి ఇద్దరు భాగస్వాములు, హెన్రీ, విలియం ఆఫ్టన్. హెన్రీ చేసిన బొమ్మల్లో కొన్ని రెండు విధాలుగా పనికొస్తాయి. లోపలి ఇనప భాగాలను స్ప్రింగులతో పక్కకు నొక్కిపెడితే మనిషి వేసుకునే దుస్తు. స్ప్రింగులు వదిలితే తనంతట తాను కదిలే యంత్రం. ఆఫ్టన్ పసుపుపచ్చ కుందేలు తొడుక్కుని, ఆ కుందేలంటే ఇష్టపడే పిల్లల్ని చెయ్యిపట్టి తీసుకెళ్లి చంపుతాడు. చివరికి హెన్రీ కూతురు చార్లీ ఆ స్ప్రింగులు తెగేలా చేస్తుంది. వాడు తొడుక్కున్న జంతువే లోపలి నుంచి వాణ్ణి చీలుస్తుంది. చచ్చీ చావకుండా ఆ కుందేలు తొడుగులోనే ఇరుక్కుపోయి రెండో నవలలో మళ్లీ వస్తాడు. ఆ రెండో నవలలోని కొత్త మరజంతువులు ఇంకా ఘోరం. వాటిలో ఉండే చిన్న బిళ్ల ఒక శబ్దతరంగాన్ని పంపి చూసేవాళ్ల మెదడును మోసగిస్తుంది. ఎదురుగా ఉన్నది ఇనప కంకాళం. కనిపించేది ముద్దొచ్చే ఎలుగుబంటి.

దీనికి మన దగ్గర ఒక పేరుంది. మాయ.

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరు ఉంది. తోలుబొమ్మల ఊరు. నా పరిశోధన కాలంలో రామాయణ కథనాల కోసం చాలాసార్లు వెళ్లాను. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి కాబట్టి ఊరి పేరు చాలామందికి తెలిసే ఉంటుంది. దళవాయి, సిందే, ఖండే లాంటి ఇంటిపేర్లు చూస్తేనే వీళ్ల పూర్వీకులు మరాఠీ నేల నుంచి వచ్చారని అర్థమవుతుంది. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీకి దగ్గరగా ఉండే ఆరె భాష. తెర వెనక పాడేది మాత్రం తెలుగు, అందులోనూ రంగనాథ రామాయణపు ద్విపద. తెలుగునాట బొమ్మలాట ఇంకా పాతది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ప్రస్తావన ఉంది. మొదలి నాగభూషణ శర్మ 1985లో ఈ కళ మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు.

బొమ్మ తయారీ చూస్తే మొదట భయమే వేస్తుంది. మేక తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి మేకులు కొట్టి ఎండబెడతారు. అది పల్చబడి వెలుతురు దూరేలా అవుతుంది. దాని మీద గీసి, ఉలితో నగలకూ బట్టలకూ సన్నటి రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. మెడ, భుజం, మోచెయ్యి, తొడ విడివిడిగా కోసి దారంతో ముడివేస్తే కీళ్లవుతాయి. నిలువునా ఒక బద్ద, చేతులకు పుల్లలు. తెర వెనక ఒకప్పుడు ఆముదపు దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. యుద్ధమొస్తే కాళ్ల కింద చెక్కలు తొక్కుతారు. ఆ దడదడకు ముందు వరసలో కూర్చున్న పిల్లలు అమ్మల ఒళ్లోకి దూరతారు. మోటారు లేదు, స్ప్రింగు లేదు. అయినా చచ్చిన జంతువు చర్మం లేచి నడుస్తుంది, మాట్లాడుతుంది.

ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ మాట లేదు. కాబట్టి ఇప్పుడు మాయలేడి కూడా మేకతోలుదే. లేడి వేషంలో రాక్షసుడు, మేక చర్మంలో లేడి. పొర తీస్తే ఇంకో పొర.

బొమ్మలాటలో మాయలేడి ఘట్టం చూసినవాళ్లకు గుర్తుంటుంది. లేడి తెరకు ఆనించి ఉన్నంతసేపూ అంచులు స్పష్టంగా, చుక్కలన్నీ మెరుస్తూ కనిపిస్తుంది. తెరకు దూరం జరిపితే నీడ పెద్దదై చెదిరిపోతుంది. బాణం తగిలిన క్షణాన లేడిని వెనక్కి లాగి, అదే ఊపులో మారీచుడి బొమ్మను తెరకు నొక్కుతారు. రెప్పపాటులో చర్మం ఊడి లోపలివాడు బయటపడ్డట్టుంటుంది. అప్పుడు వాడు రాముడి గొంతుతో అరుస్తాడు, సీతా, లక్ష్మణా అని.

తోలుబొమ్మలాట ఇంటిల్లిపాదీ ఆడేది. ఆడపాత్రలకు గొంతు ఆ ఇంటి ఆడవాళ్లది. నిమ్మలకుంటలో నాతో చాలాసేపు మాట్లాడిన ఒక అవ్వ ఎన్నో ఏళ్లు సీతకు పాడింది. ఆమెను అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. "ఆ కేక విన్నప్పుడు సీత మోసపోయింది కదా అవ్వా, మొగుడి గొంతు గుర్తుపట్టలేదా?" అవ్వ నవ్వింది. "మా ఇంట్లో రామునికి పాడేది మా ఆయనే, మారీచునికి అరిసేదీ ఆయనే. ఇద్దరికీ ఒగటే గొంతు. నేను పక్కనే కూకొని వింటాంటి. నాకే తేడా తెలీదు పాపా, సీతమ్మకు యాడ తెలుస్తాది?"

ఈ మాట ముందు నా సిద్ధాంత వ్యాసంలోని ఒక అధ్యాయం తేలిపోయింది. పండితులు సీత బుద్ధిని విచారించారు. ఈ అవ్వ గొంతు ఎవరిదో విచారించింది. కాపాడేవాడి గొంతు, కాటేసేవాడి గొంతు ఒకే నోట్లోంచి వస్తున్నప్పుడు వినేదాన్ని తప్పుపట్టడమేమిటి?

కానీ తప్పుపట్టారు. "బంగారు లేడి కావాలని కోరబట్టే కదా ఇంత జరిగింది" అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఆడపిల్ల ఏదైనా కావాలని గట్టిగా అడిగితే చాలు, సీతను తెచ్చి ముందు నిలబెడతారు. వాల్మీకి అరణ్యకాండ తీసి చదివితే అక్కడున్నది ఇంత సులువైన కథ కాదు. లేడిని చూడగానే ఇది మారీచుడి మాయ అని లక్ష్మణుడు అన్నగారి ముందే చెప్పేస్తాడు. రాముడికి ఆ అనుమానం అందింది. ఒకవేళ మారీచుడే అయితే చంపవలసినవాడే కదా అంటాడు. ఆ బంగారు చర్మం మీద తనకున్న మోజునూ దాచుకోడు. సీత అడిగింది నిజమే, ప్రాణాలతో దొరికితే పెంచుకుందామని, లేకపోతే ఆ తోలు మీద కూర్చుందామని. కానీ అనుమానం విన్నది ముగ్గురూ. నిర్ణయం చేసింది ఒకరు. నింద పడింది ఇంకొకరి మీద.

గీత సంగతీ అంతే. వాల్మీకిలో లక్ష్మణరేఖ లేదు. అది తర్వాతి రామాయణాల్లో వచ్చి చేరింది. మన రంగనాథ రామాయణంలో లక్ష్మణుడు గీతలు గీస్తాడు. నిమ్మలకుంట కళాకారులకు అదే ఆధారం కాబట్టి మన జిల్లాల్లో తరతరాల ఆడవాళ్లు ఆ గీతను దీపం వెలుతురులో కళ్లారా చూశారు. గీత కథలోకి రాగానే నేరం మారిపోతుంది. అంతకుముందు నేరం ఎత్తుకుపోయినవాడిది. గీత వచ్చాక అది దాటినదానిది. అసలు గీత దగ్గరికి వచ్చినవాడు ఏ వేషంలో వచ్చాడు? జంతువు వేషంలో కాదు, సన్యాసి వేషంలో. లేడి పని మగవాళ్లను దూరం తీసుకుపోవడం వరకే. గడప దగ్గరికి వచ్చి భిక్ష అడిగింది అందరూ కాళ్లకు మొక్కే వేషం.

మారీచుడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాడు ఇష్టపడి లేడి కాలేదు. వద్దని రావణుడికి నచ్చచెప్పాడు. వినకపోతే చంపుతానన్నాడు రావణుడు. ఎటూ చావు తప్పదని తెలిసి ఆ చర్మంలోకి దూరాడు. అమెరికన్ నవలలో కూడా పిల్లలకు భయం పుట్టించే మరజంతువుల్లో ఉన్నవి చనిపోయిన పిల్లల ఆత్మలే. ముందు వరసలో కోరలు చూపించేది ఒకరు. ఆ కోరలు తయారుచేయించినవాడు ఇంకెక్కడో సురక్షితంగా ఉంటాడు.

ఇంతవరకూ వచ్చాక నాకు ఇంకో కథ గుర్తొచ్చింది. మన దేశపు కథల్లో నిజమైన యానిమట్రానిక్ జంతువు ఒకటుంది. గుణాఢ్యుడి బృహత్కథ నుంచి వచ్చిందని చెప్పే ఉదయనుడి కథ. గుణాఢ్యుణ్ణి సంప్రదాయం శాతవాహన రాజు కొలువుతో ముడిపెడుతుంది కాబట్టి ఆ కథ మనకు పరాయిది కాదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఇలా ఉంది. వత్సరాజు ఉదయనుడికి ఏనుగుల పిచ్చి. వీణ వాయించి అడవి ఏనుగుల్ని లొంగదీసుకుంటాడు. ఉజ్జయిని రాజు ఆ పిచ్చిని కనిపెట్టి ఒక యంత్రపు ఏనుగును చేయించి, దాని కడుపులో సైనికుల్ని దాచి అడవిలో వదిలాడు. ఉదయనుడు వీణ పట్టుకుని ఒంటరిగా దాని దగ్గరికి పోయాడు. కడుపు తెరుచుకుంది. సైనికులు దూకి బంధించారు. భాసుడు ప్రతిజ్ఞా యౌగంధరాయణంలో ఈ ఉదంతాన్నే నాటకం చేశాడు. అదే 11వ శతాబ్దంలో భోజుడి పేర నిలిచిన సమరాంగణ సూత్రధారంలో యంత్రాల మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంది. కదిలే బొమ్మల మీద మనవాళ్లకు ఆసక్తి తక్కువేం కాదు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సీత ఒక అందమైన జంతువును చూసి ముచ్చటపడింది. ఉదయనుడూ ఒక అందమైన జంతువును చూసి ముచ్చటపడ్డాడు. రెండు జంతువులూ బూటకం. రెండింటి లోపలా శత్రువే. ఇద్దరూ చెరలో పడ్డారు. తర్వాత? ఉదయనుడు చెరలో ఉండి రాజకుమార్తె వాసవదత్తకు వీణ నేర్పాడు. ప్రేమించాడు. ఆమెతో కలిసి ఆడ ఏనుగెక్కి తప్పించుకున్నాడు. సంస్కృత సాహిత్యానికి ప్రేమ నాయకుడై నిలిచాడు. ఏనుగు మీద మోజుపడి రాజ్యాన్ని ప్రమాదంలో పెట్టావే అని అతన్ని ఏ యుగంలోనూ ఏ ఇంటి అమ్మమ్మా ఉదాహరణగా చూపలేదు. సీత మాత్రం చెర నుంచి బయటికొచ్చి నిప్పుల్లో దూకాల్సి వచ్చింది. మగవాడి కోరిక కళ అయింది, ఆడదాని కోరిక అపరాధం అయింది. పదేళ్లకు పైగా రామాయణం మీద పనిచేసిన నాకు ఈ పోలిక ఇంతకాలం తట్టలేదు. పదమూడేళ్ల పిల్ల చేతిలోని భయానక నవల తట్టించింది.

మన ప్రాంతంలోనే ఇంకో రెండు జంతువులు ఉన్నాయి. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, పెనుకొండ కేంద్రంగా అధికారం నడిపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. కప్పు మీది చిత్రాల్లో కిరాతార్జునీయం ఉంది. అందులోని పంది మామూలు పంది కాదు, మూకాసురుడు. తోలుబొమ్మల ముఖాలకూ లేపాక్షి చిత్రాల్లోని పక్కచూపు ముఖాలకూ, పెద్ద కళ్లకూ ఉన్న పోలికను కళాచరిత్రకారులు గుర్తించారు. ధర్మవరం పట్టుచీరల అంచుల మీదికి ఈ రెండూ దిగి వచ్చాయి. చిన్నప్పుడు మెడ నొప్పెట్టేదాకా ఆ కప్పును చూసినా, పంది లోపల ఎవరో ఉన్నారని నాకెవరూ చెప్పలేదు. బాణం ఎవరిదన్నదే అక్కడ కథ. శివుడిదా, అర్జునుడిదా? జటాయువు పడిపోయిన చోటు కాబట్టి లేపాక్షి అయిందని కూడా ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కథలో జంతుజాలంలోకెల్లా సీతను నమ్మి, ఆమె అరుపు విని అడ్డంపడింది ఆ ముసలి పక్షి ఒక్కటే. నువ్వు గీత దాటావా అని అడగలేదు.

రెండోది టిప్పు పులి. హిందూపురం, పెనుకొండ సీమ కొంతకాలం హైదరాలీ, టిప్పుల ఏలుబడిలోనే ఉండింది. 1799 తర్వాత నిజాంకు, 1800లో కంపెనీకి చేరింది. టిప్పు కోసం చేసిన నిలువెత్తు కొయ్యపులి ఒక తెల్లవాడి మీద పడి గొంతు కొరుకుతుంటుంది. పిడి తిప్పితే పులి గాండ్రిస్తుంది, వాడు చెయ్యెత్తి మూలుగుతాడు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వాళ్లు దాన్ని టిప్పు క్రూరత్వానికి సాక్ష్యంగా చూపించారు. దేశాన్నే మింగినవాళ్లు కొయ్యపులిని రాక్షసి అన్నారు. ఏది రాక్షసో తేల్చేది బొమ్మ కోరలు కాదు, కథ చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది.

ఇప్పుడు నేను తప్పించుకుంటున్న చోటికి రావాలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వీధిలో ఒక సారు ట్యూషన్ చెప్పేవాడు. ఊళ్లో అందరికీ గౌరవం. సాయంత్రం పూట పిల్లల్ని నవ్వించడానికి అట్టముక్కలతో కుందేలు చెవులు కత్తిరించి తలకు పెట్టుకుని లెక్కలు చెప్పేవాడు. లెక్క తప్పకుండా చేసినవాళ్లకు బంగారురంగు కాగితం చుట్టిన పెన్సిలు. నాకు చాలా పెన్సిళ్లు వచ్చాయి. ఆ ఎండాకాలం అందరూ వెళ్లిపోయాక నన్ను ఉండమనేవాడు. ఏం చేశాడో ఇక్కడ వివరించను. ఈ పత్రిక చదివే స్త్రీలకు వివరించక్కర్లేదు కూడా. కొన్నాళ్లకు అమ్మకు చెప్పాను. అమ్మ ముఖం పాలిపోయింది. పక్కనే ఉన్న అవ్వ అడిగింది. "ఒగదానివే నువ్వేమిటికి పోతివే?"

అంతే. ట్యూషన్ మాన్పించారు. మా ఇంట్లో గీత గీశారు. సాయంత్రం ఆరు తర్వాత గడప దాటకూడదు. ఆ గీత ఆయనకెవరూ గీయలేదు. ఇంకో రెండేళ్లు ఆయన అదే వీధిలో ట్యూషన్లు చెప్పి, తర్వాత ఊరు మారాడు. మా అవ్వ మీద నాకు కోపం లేదు. ఆమె కూడా జీవితమంతా తోలుబొమ్మలాట చూసి, సీత కష్టాల పాటలు పాడిన మనిషి. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చైన వ్యాసంలో చూపించినట్టు మన ఆడవాళ్ల రామాయణ పాటల్లో రాముడి మీద నిష్ఠూరం ఉంది, సీత పక్షం ఉంది. మా అవ్వ ఆ పాటలు పాడేది. కానీ పాటలో సీత పక్షం తీసుకున్న నోరే ఇంట్లో మనవరాలిని నిలదీసింది. అప్పటికి మన దగ్గర పోక్సో చట్టం లేదు, అది 2012లో వచ్చింది. చట్టం ఉన్నా ఆ ప్రశ్నలోని వ్యాకరణాన్ని మార్చగలిగేదా అని సందేహమే. ఆ వాక్యంలో కర్త 'నువ్వు'. చేసినవాడు వాక్యంలోనే లేడు.

రంగనాయకమ్మ రామాయణాన్ని విషవృక్షం అన్నారు. ఓల్గా 'విముక్త' కథల్లో సీతనూ శూర్పణఖనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈ రెండు దారుల్లోనూ నడిచి నేను పరిశోధన చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో మాయలేడి మీద ముప్పై పేజీలున్నాయి. కుందేలు చెవుల గురించి ఒక్క వాక్యం లేదు. పరిశోధకురాలు 'నేను' అనకూడదని మాకు నేర్పారు. అది కూడా ఒక గీతేనని ఇప్పుడనిపిస్తోంది.

మళ్లీ ఆ నవలలకు వస్తాను. గొప్ప సాహిత్యమని నేననను. ఆటలోని వస్తువుల్ని ఇరికించడం కోసం కథ చాలాచోట్ల కుంటుతుంది. భయం పుట్టించే సన్నివేశాలు మళ్లీ మళ్లీ ఒకే అచ్చులో వస్తాయి. కానీ రెండు విషయాల్లో అవి మన పిల్లల పుస్తకాల కంటే నిజాయితీగా ఉన్నాయి. మొదటిది, హంతకుడు అడవిలోంచి రాలేదు. చార్లీ తండ్రి భాగస్వామి. ఇంట్లోవాళ్లకు తెలిసినవాడు. రెండోది మూడో నవలలో బయటపడుతుంది. మనం ఇన్నాళ్లూ వెంట నడిచిన చార్లీ మనిషి కాదు. అసలు చార్లీ చిన్నప్పుడే చనిపోయింది. ఆ దుఃఖంలో తండ్రి హెన్రీ చేసుకున్న బొమ్మ ఈమె. వయసు పెరిగేకొద్దీ మార్చడానికి పెద్ద సైజు బొమ్మలు ముందే చేసిపెట్టాడు. అటుపక్క ఆఫ్టన్ కూతురు తండ్రి చేసిన మరబొమ్మ చేతిలోనే చనిపోయి, ఆ బొమ్మలోనే ఉండి, అప్పటికీ తండ్రి ప్రేమ కోసం వెంపర్లాడుతుంది. ఒక తండ్రి దుర్మార్గుడు, ఒక తండ్రి ప్రేమమూర్తి. ఇద్దరి చేతుల్లోనూ కూతురు బొమ్మే అయింది. కూతురి కొలతలు ముందే తయారుచేసి అటకమీద పెట్టుకునే నాన్నలు మనకు కొత్తవాళ్లా?

ఈ మాట అక్క కూతురితో అంటే కాసేపు ఆలోచించింది. "అయినా చార్లీ బొమ్మయినా చార్లీనే చిన్నమ్మా. అంతా చేసింది ఆ పిల్లే కదా" అంది. హెన్రీ చేసిన బొమ్మే హెన్రీ చేయలేని పని చేసింది. ఈ విమర్శకురాలి మాట నా వ్యాసంలోకి అప్పు తీసుకున్నాను.

ఆ సెలవులు అయిపోయే ముందు దాన్ని నిమ్మలకుంటకు తీసుకెళ్లాను. ఇప్పుడక్కడ ఆటల కంటే లాంతరు తొడుగులూ, గోడకు తగిలించే బొమ్మలూ ఎక్కువ తయారవుతున్నాయి. రాత్రంతా ఆడించే ఊళ్లు లేవు. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ తెర ముందు కూర్చునే జనం మళ్లీ రాలేదు. అవ్వ ఇప్పుడు పాడటం లేదు. అయినా పిల్ల అడిగిందని లోపలి పెట్టెలోంచి లేడిని తీయించింది. మెడ వెనక్కి తిప్పి చూస్తున్న లేడి. పిల్ల తెర వెనక్కి వెళ్లి బద్ద పట్టుకుంది. మొదట బరువుకు చెయ్యి వణికింది. కాసేపటికి మెడ ఆడించడం పట్టుబడింది. "ఈ పక్క నుంచి చూస్తే అసలు భయమే లేదు చిన్నమ్మా" అంది లోపలి నుంచి.

తిరుగు ప్రయాణంలో బస్సు పెనుకొండ దాటుతుంటే కియా కార్ల ఫ్యాక్టరీ కనిపించింది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. లోపల రోబో చేతులు పనిచేస్తాయని పిల్ల చెప్పింది, వాటికి ముఖం ఉండదు కాబట్టి భయం లేదట. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. కుడివైపు కొండ మీద విజయనగరపు కోట గోడలు. 1565 యుద్ధం తర్వాత రాజులు హంపీని వదిలి వచ్చి తలదాచుకున్న కోట. అక్కడ నేను ఆ పిల్లకు కుందేలు చెవుల సారు సంగతి చెప్పాను. పదమూడేళ్ల పిల్లకు ఎంత చెప్పాలో అంతే చెప్పాను. అది కిటికీలోంచి చూపు తిప్పి నన్ను చూసింది. "ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?" అంది. తెలియదన్నాను. "ఇంగా పిల్లోళ్లకు చెప్తాండాడా?" అంది. ఇన్నేళ్లలో నేను అడగని ప్రశ్న అది.

ఆ రాత్రి వంటింట్లో అక్కకు కూడా చెప్పాను. మేమిద్దరం ఒకే మంచం మీద పడుకుని పెరిగాం. అక్క చేతిలోని గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "నువ్వేమిటికి..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. గడప దగ్గర కూతురు నిలబడి ఉంది. అక్క స్టవ్వు ఆర్పి, చేతులు తుడుచుకుని, వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

"వాడేం చేసినాడు?" అని అడిగింది.